ఉరిసేది ఒకచోట, కారణం ఇంకోచోట

సిద్దిపేట పాత వాడల్లో నడుస్తుంటే మూడు తరాల ఇంటికప్పులు పక్కపక్కనే కనిపిస్తాయి. గూన పెంకుల ఇల్లు, దాన్ని ఆనుకుని సిమెంటు రేకుల గదులు, ఆ వెనక రెండంతస్తుల స్లాబ్. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడగానే మూడు కప్పుల కింద ఉన్నవాళ్లూ మేస్త్రీకి ఫోన్లు మొదలుపెడతారు. అప్పుడు మేస్త్రీ దొరకడు. దొరికినా తడిసిన స్లాబ్ మీద పూసిన మందు పట్టుకోదు. కప్పు పని ఏప్రిల్, మే నెలల్లో, పైన ఎండి గలగలలాడుతున్నప్పుడు చేయించుకోవాలి. ఈ ఒక్క మాట తెలిసినా బోలెడు డబ్బు మిగులుతుంది. మిగతా డబ్బు పోయేది కప్పుల గురించి మనం ఏళ్లుగా నమ్ముతున్న కొన్ని మాటల వల్ల.

వాటిలో బాగా పాతుకుపోయింది, స్లాబ్ పోశామంటే ఇక నీళ్లు దిగవన్నది. కాంక్రీటు గట్టిదే కానీ నీళ్లు పీల్చనిది కాదు. మాలు కలిపేటప్పుడు పోసిన నీళ్లలో సిమెంటుకు అవసరమైనవి పోగా మిగిలినవి ఆవిరవుతాయి. అవి ఉన్నచోట కంటికి కనిపించని సన్నని దారులు మిగిలిపోతాయి. పోయడం సులువు కావాలని మాలు జారుగా కలిపితే ఆ దారులు ఇంకా పెరుగుతాయి. దానికి తోడు మన ఎండలు. మే నెలలో 40 డిగ్రీలు దాటే వేడికి స్లాబ్ సాగుతుంది, సాయంత్రం గాలిదుమారంతో వాన కొడితే ఒక్కసారిగా ముడుచుకుంటుంది. ఏటా ఇలా సాగి ముడుచుకునేసరికి పైన వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. పిట్టగోడ స్లాబ్‌ను కలిసే మూల, నీటి గొట్టం బయటికి వెళ్లే రంధ్రం చుట్టూ అవి ముందుగా తెరుచుకుంటాయి.

స్లాబ్ ఆయుష్షు సగం తేలేది పోసిన తర్వాతి రెండు వారాల్లోనే. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎండ ముదిరిన పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటుకైతే 14 రోజులు ఉంచడం మంచిది. ఇప్పుడు ఇళ్లకు విరివిగా వాడే పీపీసీ ఈ రెండో రకం. ఇందిరమ్మ ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో వస్తాయి, స్లాబ్ పడితేనే ఒక విడత. అప్పు తెచ్చి కట్టుకుంటున్న కుటుంబం ఆ బిల్లు కోసం తొందరపడుతుంది, అది సహజం. స్లాబ్ త్వరగా పోయించుకున్నా ఫర్వాలేదు, పోశాక మాత్రం మడులు కట్టి ఆ పద్నాలుగు రోజులూ నీళ్లు నిలపాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో చల్లి వదిలేస్తే మధ్యాహ్నానికే ఆరిపోతుంది.

తర్వాత వాలు. డాబా చదునుగా ఉంటే అందంగా ఉంటుందనుకుంటారు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9 వేల లీటర్లకు పైగా నీళ్లు చేరతాయి. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంత వాన ఇదే డాబా మీద పడితే 60 వేల లీటర్లు. ఆ నీళ్లన్నీ గొట్టం వైపు నడవాలంటే మీటరు దూరానికి కనీసం ఒక సెంటీమీటరు వాలు కావాలి. గొట్టం మూతికి ఒక పాలిథిన్ కవర్ అడ్డం పడినా చాలు, రాత్రంతా నీళ్లు నిలుస్తాయి. వాన వెలిసిన మర్నాడు మీ డాబా మీద ఎక్కడ మడుగు మిగిలిందో సుద్దతో గీత గీసి పెట్టుకోండి. వేసవిలో మేస్త్రీకి ముందు చూపాల్సింది ఆ గీతే.

ఇప్పుడు అసలు చిక్కు. "ఇగో, ఇక్కడ్నే ఉరుస్తుంది మేస్త్రీ" అని ఫ్యాను కొక్కెం దగ్గరి మరక చూపిస్తారు. మేస్త్రీ పైకెళ్లి సరిగ్గా దాని మీదే నాలుగడుగుల మేర సిమెంటు పూస్తాడు. నీళ్లు అంత తిన్నగా దిగవు. స్లాబ్‌లో కరెంటు వైర్ల కోసం వేసిన గొట్టాలుంటాయి. ఎక్కడో పిట్టగోడ మూల దిగిన నీళ్లు ఆ గొట్టం వెంట పది అడుగులు నడిచి, ఫ్యాను పెట్టె దగ్గర సందు దొరకగానే కిందికి జారతాయి. అందుకే మరక ఒకచోట, చిల్లు ఇంకోచోట. ఫ్యాను పెట్టె దగ్గర చుక్క కనిపిస్తే ముందు ఆ గదికి కరెంటు ఆపేయాలి, తర్వాత సంగతి తర్వాత.

వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ఎండాకాలంలో డాబాను రెండు మూడు భాగాలు చేసి, నీటి గొట్టాల మూతులు గుడ్డలతో మూసి, ఒక్కో భాగంలో రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలపాలి. ఏ భాగం నిండినప్పుడు కింద చెమ్మ వస్తుందో జాగ్రత్తగా చూడాలి. పెచ్చులూడుతున్న బలహీన స్లాబ్‌కు మాత్రం ఈ పరీక్ష పెట్టొద్దు. ఇంకొక గుర్తు: వాన లేని మార్చిలోనూ మరక తడిగా ఉంటే తప్పు కప్పుది కాదు. పై బాత్‌రూమ్‌దో, ట్యాంకు పైపుదో అయివుంటుంది.

మరక కనిపించగానే లోపల పుట్టీ పెట్టి రంగు కొట్టించడం మరో అలవాటు. దానివల్ల నీళ్లు ఆగవు, లోపలే ఉండిపోతాయి. అవి ఇనుప సలాకలకు చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది, దాంతో కింది కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులూడటమంటే ఇదే. ఊడినచోట మామూలు సిమెంటు మెత్తితే రెండేళ్లలో ఆ ముక్కా ఊడిపడుతుంది, ఒక్కోసారి నిద్రపోతున్న మనిషి మీద. తడితే బోలుగా మోగే భాగమంతా చెక్కి, సలాకల వెనక దాకా శుభ్రం చేసి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి. దానికంటే ముందు పైనుంచి నీళ్లు దిగే దారి మూయాలి. ఈ వరస తలకిందులైతే పని మళ్లీ మొదటికొస్తుంది.

"ఇంకో రెండంగుళాల కాంక్రీటు గుద్దితే అయిపోతదన్నా" అనే సలహా అన్నింటికంటే ప్రమాదం. వెయ్యి చదరపు అడుగుల మీద రెండంగుళాల కాంక్రీటు అంటే దాదాపు 11 టన్నుల బరువు. తుప్పు పట్టిన సలాకల మీద ఆ బరువు వేయమని చెప్పేవాళ్లు ఇంజనీరును అడగకుండా చెబుతున్నట్టే లెక్క.

తెల్ల రంగు గురించీ గందరగోళం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక చాలామంది డాబాలకు తెల్లపూత వేయిస్తున్నారు. 600 గజాల కంటే చిన్న జాగాల్లోని ఇళ్లకు అది ఐచ్ఛికమే, అయినా వేయించుకుంటే మంచిదే. ఎండను వెనక్కి కొట్టి గదిని చల్లబరుస్తుంది, స్లాబ్ సాగి ముడుచుకోవడాన్నీ తగ్గిస్తుంది. కానీ చల్లదనానికి వేసే పూతలన్నీ నీళ్లను ఆపవు. డబ్బా మీద వాటర్‌ప్రూఫింగ్ అని ఉందో లేదో చూసి కొనాలి. పగుళ్లు పూడ్చకుండా ఏ పూత వేసినా ఆ పగుళ్ల మీదే అదీ చీలిపోతుంది.

పెంకుటిల్లు ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. ఉరిసినంత మాత్రాన దాన్ని పీకేయకండి. గూన పెంకు ఏటా సదరమని అడిగే కప్పు. పగిలినవి తీసి, జారినవి ఎక్కించి, చెత్త దులిపితే తరాలు నిలుస్తుంది. ఈ మధ్య కోతులు గంతులేసి పెంకులు పగలగొడుతున్నాయని విసిగి చాలామంది రేకులకు మారారు. వాళ్ల బాధ నిజమే. అయితే కోతులు రాకుండా ముళ్లకంప వేస్తే ఆకులు చిక్కుకుని నీళ్లు ఆగుతాయి, సందుల్లో సిమెంటు పెడితే అది పగిలి తడిని కర్రకు పట్టిస్తుంది. దానికన్నా వాసాల మీద పలుచని రేకు పరిచి, దాని మీద మళ్లీ పెంకు కప్పించుకోవచ్చు. పెంకు పగిలినా నీళ్లు లోపలికి రావు. కప్పు మార్చాలా వద్దా అన్నది తేల్చేది కర్ర. దూలం గోడలోకి దిగే చివర స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగబడితే చెదలో, కుళ్లో పట్టింది, ఆ దూలం మార్చాల్సిందే.

పాత సిమెంటు రేకులు మార్చేవాళ్లకు వేరే జాగ్రత్త. వాటిలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని అన్ని రకాలూ క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేకు కదలకుండా ఉన్నంతసేపు ముప్పు తక్కువ, రంపంతో కోసినా సుత్తితో పగలగొట్టినా దుమ్ములో ఆ పోగులు లేస్తాయి. నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించాలి. ముక్కలు వాకిట్లో పిల్లలు ఆడుకునే చోట పడేయొద్దు.

అపార్ట్‌మెంట్లో పై అంతస్తువాళ్లే డాబా ఖర్చు పెట్టుకోవాలని గొడవలు అవుతుంటాయి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం డాబాను ఉమ్మడి ఆస్తిగానే చూస్తుంది, కాబట్టి ఖర్చూ అందరిదే.

ఇక స్లాబ్‌ను ఎప్పుడు కూల్చాలన్న ప్రశ్న. గదిలో ఒకటి రెండు చోట్ల పెచ్చులూడితే మరమ్మతు సరిపోతుంది. స్లాబ్ నడుమ కిందికి వంగినా, సలాకలు సగానికి సన్నబడినా, కర్రతో కొడితే గది పొడవునా బోలుగా మోగినా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాలి. ఆయన వచ్చేలోపు కింద జాకీలు పెట్టించి, ఆ గదిలో పడుకోవడం ఆ రోజే మానేయాలి.