మేడి పొట్టలో కాపురం
వేమన మేడిపండును చూపించి తిట్టింది పిరికివాణ్ణి. మచ్చ మాత్రం చెట్టుకు పడింది. మేడి అనగానే మనకు ముందు పురుగే గుర్తొస్తుంది. నల్లమల, లంకమల వంకల్లో ఎండాకాలంలోనూ మాను మొద్దుకే గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయంటే అది ఆ పురుగు చలవే. కాయను కోసి చూస్తే లోపలి గోడకు కిక్కిరిసి ఉన్నవన్నీ పూలు. వాటిని చేరడానికి కొనన ఒక్కటే సన్నని రంధ్రం, దానికీ పొలుసుల తలుపు. మనం పురుగనేది సెరటోసొలెన్ అనే బుల్లి కందిరీగను. అందులో ఆడది, రెక్కలు ఊడిపోతున్నా అందులోంచి దూరి, తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్నిట్లో గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు. అవి ఆడవాటితో జతకట్టి, వాటికి దారి చేయడానికి గోడకు కన్నం వేస్తాయి. పుప్పొడితో ఆడవి ఎగిరిపోయాకే కాయ పండుతుంది. (లోపలికి రాకుండా, పొడవాటి సూదితో బయటినుంచే గుడ్లు దించే దొంగ కందిరీగలూ ఉన్నాయి. వాటివల్ల చెట్టుకు పైసా లాభం లేదు.)

ఎగిరిపోయిన ఆడదానికి మిగిలే ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆలోగా అదనులో ఉన్న మరో మేడిమాను దొరకాలి. మాన్లన్నీ మామిడిలా ఒకే కారులో కాస్తే, కాపులేని నెలల్లో కందిరీగ వంశం ఆగిపోతుంది, దాని వెనకే మేడి. అందుకే ఒక్కో మాను ఒక్కో అదనులో కాస్తుంది, అడవిలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ పండు ఉంటుంది. ఎలుగుబంట్లు, గబ్బిలాలు, కోతులు ఆ పండు తింటాయి, చెంచులూ తింటారు. పచ్చికాయ కూరకు పనికొస్తుంది. 

వంక పక్కన నీళ్లున్నాయి కాబట్టే కాస్తోందని అనవచ్చు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే కర్నూలు, కడపల్లో ఆ మాట తోసేయలేం. మేడి, నేరేడు ఉన్నచోట నీరు పడుతుందని బృహత్సంహితలో వరాహమిహిరుడూ రాశాడు. అయితే అదే నీరు తాగే నేరేడు ఏడాదికి ఒక్కసారే కాస్తుంది కదా! మరి తోటల్లోని అంజూరకు పురుగు అక్కర్లేదేం అంటే, పరాగం లేకుండానే కాయ కట్టే రకాలను మనిషి ఏరి, కొమ్మలు నాటి పెంచుకున్నాడు. అడవి మేడికి ఆ వెసులుబాటు లేదు. పండు తొక్కపై సూది గుచ్చినంత కన్నం కనిపిస్తే, రెక్కలున్నవి వెళ్లిపోయినట్టే. చీల్చి దులిపితే రాలేవి ఆ కన్నం తవ్వి చచ్చిన మగ పురుగులు.