అత్తాకోడళ్ల కర్నూలు షికారు

మా ఆడపడుచు కూతురు ఉద్యోగం మీద జపాన్ వెళ్లింది. అక్కడ యొకొహామా అనే రేవు పట్నంలో ఒక ఆదివారమంతా ఊరికే తిరిగానంటూ వాట్సాప్‌లో బోలెడు ఫొటోలు పంపింది. సముద్రం ఒడ్డున యమషిత పార్కు, దాన్ని ఆనుకుని కదలకుండా నిలబెట్టిన హికావా మారు అనే పాత ఓడ, చైనావాళ్ల వీధిలో మన కుడుముల్లా ఆవిరి మీద ఉడికించిన తినుబండారాలు... మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే జరుపుతూ చూశారు. ఫోను నా చేతికిస్తూ, "ఆ పిల్ల పోయి ఆర్నెల్లు కాలేదు, ఊరంతా చూసేసింది. నేను కర్నూలుకు కాపరానికొచ్చి నలభై అయిదేండ్లు. కొండారెడ్డి బురుజు ఎక్కనే లేదు కదమ్మీ" అన్నారు.

ఆవిడ నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్న నేను కూడా ఎక్కలేదు మరి! చుట్టాలొస్తే మా ఆయన, పిల్లలు తిప్పి చూపిస్తారు. వాళ్లు తిరిగొచ్చేసరికి మేమిద్దరం వంట చేసి ఉంచుతాం. మీ ఇంట్లో మాత్రం వేరేగా ఉంటుందా?

"బుధవారం పోదాం అత్తా. ఆ రోజు పొయ్యి వెలిగించొద్దు" అన్నాను. "మరి ఇంట్లోవాళ్లు?" అన్నారు వెంటనే. ఇంట్లోవాళ్లకు చేతులున్నాయని చెప్పాను. మా ఆయన ఆ మాట విని పేపరు కొంచెం పైకెత్తుకున్నారు.

మార్గశిర మాసం కాబట్టి ఎండ భయం లేదు. ఎనిమిదింటికల్లా బయటపడి ముందు ఉగ్గాని బండి దగ్గర ఆగాం. రాయలసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, కోస్తా చెల్లెళ్ల కోసం చెప్తున్నా. బొరుగులు నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన పోపులో కలిపి, పైన పప్పుల పొడి, కొత్తిమీర చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. మా అత్తగారు ఇప్పటికి ఎన్ని వేల సార్లు చేసి ఉంటారో. కానీ బజ్జీ నూనెలోంచి తీసీ తీయగానే తినడం ఆవిడకు అదే మొదటిసారట! ఇంట్లో అందరికీ పెట్టి, ఆఖర్న మనం కూర్చునేసరికి అది మెత్తబడిపోయి ఉంటుంది కదా. "పప్పుల పొడి తక్కువేసినాడు" అని ఒక వంక పెట్టి, ఇంకో రెండు బజ్జీలు అడిగి మరీ వేయించుకున్నారు.

బురుజు దగ్గరికి ఆటోలో వెళ్లాం. విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో కట్టిన కోటలో ఇది మిగిలిన భాగం. ఆలంపురం పాలకుడు కొండారెడ్డిని ఇందులో బంధించారని ఆ పేరు వచ్చిందంటారు. ఇక్కణ్నుంచి తుంగభద్ర కిందుగా ఆలంపురం దాకా సొరంగముందని కూడా చెప్పుకుంటారు. మా పిల్లలకైతే ఇది 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమాలో మహేష్‌బాబు కొట్టిన చోటు, అంతే!

మోకాళ్ల నొప్పితో మెట్లు ఎలా ఎక్కుతారోనని భయపడ్డాను. సెల్ఫీలు తీసుకుంటున్న కుర్రాళ్లు ఇద్దరు "అవ్వా, చెయ్యియ్యి" అంటూ చెరో వైపు పట్టుకున్నారు. పైకెళ్లాక ఆవిడ ఊపిరి తీసుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, పాత ఊరంతా పరకాయించి చూశారు. "మన వీధి యాడుంది?" అన్నారు. ఇద్దరం వెతికాం గానీ కనిపెట్టలేకపోయాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే మూడేళ్లపాటు రాజధాని ఈ ఊరే. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేసిన సంగతి మా మామగారు వాళ్ల నాన్న దగ్గర విని చెప్పేవారట. ఆ గుడారాలు ఎటువైపు వేశారో ఆవిడకు తెలీదు. నాకూ తెలీదు.

తర్వాత తుంగభద్ర ఒడ్డుకు వెళ్లాం. సముద్రం లేకపోయినా కర్నూలు కూడా ఒకరకంగా రేవు ఊరే. ఆలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఆగి చక్రాలకు కందెన వేసుకునేవట. అందుకే కందెనవోలు, అదే కర్నూలు అయిందంటారు. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించిన కర్నూలు - కడప కాలువ, మా కె.సి. కెనాల్, పొలాలకు నీళ్లివ్వడంతోపాటు పడవలు నడపడానికి కూడా ఉద్దేశించిందే. కడప మా పుట్టినిల్లు. పడవెక్కి పుట్టింటికి పోవడం ఎంత బాగుండేదో అనుకున్నాను. బస్సులో నడుం విరిగేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ!

అత్తగారు మాత్రం నీళ్ల దగ్గరికి రాలేదు, గట్టు మీదే నిలబడిపోయారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు రెండు రాత్రులు మేడ మీద గడిపాం. బియ్యం, బట్టలు, మామగారి ఫొటోలు అన్నీ బురద పాలయ్యాయి. "నీళ్లు నన్ను వదిలేటట్లు లేవమ్మీ" అని ఆవిడ అప్పుడన్న మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు.

హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధిని, దాని గుండ్రటి గుమ్మటాలను చూసేసి మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో కూర్చున్నాం. జొన్నరొట్టె, గుత్తివంకాయ, చెనిక్కాయల పొడి, పెరుగు. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు కట్టెల పొయ్యి ముందు చేత్తో రొట్టెలు తడుతున్నారు. ఆ చప్పుడు వింటూ రొట్టె తినడం బాగుంది, తట్టేది నేను కాదు గనుక! అత్తగారు తిన్నాక వాళ్ల దగ్గరికి వెళ్లి, "ఎన్నింటికి తింటారమ్మా మీరు?" అని అడిగారు. "నాలుగైతాదవ్వా" అన్నారు వాళ్లు. ఆ మాటకు ఇద్దరం ఇంకేం మాట్లాడలేకపోయాం.

ఆఖరికి జగన్నాథ గట్టు. నేను ఆ కొండ మీద గుడి ఉందని మాత్రమే విన్నాను. ఆటోలో వెళ్తుంటే అత్తగారే చెప్పారు. అది రూపాల సంగమేశ్వరం గుడి. బాదామి చాళుక్యుల కాలం నాటిది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాయికి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. ఆ నీళ్ల కోసమే 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. మా అత్తగారి పుట్టిల్లు అందులో ఒకటి. పుట్టింటివాళ్లు నష్టపరిహారం పుచ్చుకుని తలో దిక్కూ పోయారని తెలుసు. కానీ ఆవిడ అప్పుడు మొదటి కాన్పుకు అక్కడే ఉన్నారనీ, ఇల్లు కూలగొడతారని నెలలు నిండిన మనిషిని ఎద్దులబండి మీద కర్నూలు పంపించేశారనీ నాకు అప్పుడే తెలిసింది. ఆ కడుపులో ఉన్నది మా ఆయనే!

గుడి చుట్టూ చల్లగా ఉంది. అత్తగారు చెప్పులు విప్పి, గోడను చేత్తో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగారు. చిన్నప్పుడు శివరాత్రికి వాళ్లమ్మతో ఈ గుడికి వెళ్లేవారట. మెట్టు మీద కూర్చుని బొరుగులు, బెల్లం తినేవారట. ఆ మెట్టు ఏదో గుర్తు పట్టాలని చూశారు. దొరకలేదు. దీపం పెట్టి వచ్చి నా పక్కన కూర్చుని, "సంగమేశ్వరుడంట. ఇంత గుడి తెచ్చినారు గానీ, సంగమం యాడుందమ్మీ ఇక్కడ?" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ వెంటనే, "పుల్లారెడ్డి అంగడి మూసేస్తారేమో, పిల్లోళ్లకు మిఠాయి కొనాల" అని లేచారు.

పుల్లారెడ్డి నేతి మిఠాయిలు 1948లో మొదలైంది మా కర్నూల్లోనే. అరకిలో తీసుకున్నాం. అందులో సగం మేమిద్దరమే ఆటోలో తినేశాం. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, మీరూ చెప్పొద్దు.

ఇంటికెళ్లేసరికి మా ఆయన ఉప్మా చేసి ఉంచారు. ఉప్పు ఎక్కువైంది. అత్తగారు ఏమీ అనకుండా తిని, పడుకోబోతూ నన్ను పిలిచారు. ఎండాకాలం శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గితే, మునిగిన సప్తనదుల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పడవల్లో పోయి చూసొస్తారు. "ఆ పక్కన మా ఊరి దిబ్బ తేలుతుందంట. పడవవాడు ఎంత అడుగుతాడో కనుక్కో" అన్నారు.

నీళ్లంటే భయం కదా అత్తా, అన్నాను.

"నువ్వుంటావు కదా" అని అటు తిరిగి పడుకున్నారు.