జున్నుకి ఉద్యోగం దొరికింది

"మా కుక్కకి ట్రిక్కులు నేర్పిస్తున్నాను" అంటే మనవాళ్ళలో సగంమంది నవ్వుతారు. మిగతా సగంమంది "వీడికి ఇంకేం పనిలేదా?" అన్నట్టు చూస్తారు. 2021కి ముందైతే నేనూ ఆ రెండో జట్టులోనే ఉండేవాణ్ణి. కుక్క అన్నాక కూర్చో అంటే కూర్చుని, రా అంటే వస్తే చాలదూ, షేక్‌హ్యాండులూ దండాలూ ఎందుకు, అవన్నీ సర్కస్ వ్యవహారాలు అనుకునేవాణ్ణి.

2014లో ఎమ్మెస్ చెయ్యడానికి మిన్నెసోటా వచ్చి, చదువైపోయాక ఇక్కడే ఉద్యోగం, సంసారం అన్నీ కుదిరి స్థిరపడ్డాం. 2021 అక్టోబరులో మా అమ్మాయి పోరు పడలేక షెల్టర్‌కి వెళ్ళి ఒక ఆడకుక్కని తెచ్చుకున్నాం. వయసు ఏడాదిన్నర. లాబ్రడారూ హౌండూ కలిసిన జాతి అయివుంటుందని చెప్పారు. తెల్లగా మెత్తగా ఉందని మా అమ్మాయి దానికి జున్ను అని పేరు పెట్టింది. మా అపార్ట్‌మెంట్లో అమెరికా వాళ్ళందరికీ అది "జూనో". షెల్టర్ వాళ్ళిచ్చిన కాగితాల్లో ఒక వాక్యం ఉంది. ఇంతకుముందే రెండు ఇళ్ళనించి వెనక్కి వచ్చిందట. కారణం "హుషారు మరీ ఎక్కువ". హుషారుంటే మంచిదేగా అనుకుని సంతకం పెట్టేశాం.

జనవరికి ఆ వాక్యం అర్థం అయింది. ఇక్కడి చలి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. సున్నాకింద పదిహేను డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నరోజు కుక్కని ఎంతసేపు తిప్పుతాం? మంచు కరగడానికి చల్లిన ఉప్పు దాని పాదాలకి మంట. ఐదు నిమిషాల్లో ఒక కాలెత్తి దీనంగా నిలబడేది. ఇంటికొచ్చాక ఆ మిగిలిన శక్తంతా ఎక్కడికి పోతుంది? సోఫా దిండ్లలోకి, నా ఆఫీసు బూట్లలో కుడికాలి దానిలోకి, చివరికి తలుపు చట్రంలోకి పోయింది. మేం ఆఫీసుల్లో ఉండగా ఒకటే అరుపులు. ఒకరోజు లీజింగ్ ఆఫీసు నించి ఉత్తరం వచ్చింది. పొరుగువాళ్ళు ముగ్గురు ఫిర్యాదు చేశారు, నెలరోజుల్లో మార్పు లేకపోతే కుక్కని పంపించెయ్యాలి అని. ఆ రాత్రి నేనూ మా ఆవిడా షెల్టర్ నంబరు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాం. మూడోసారి వెనక్కి వెళ్ళిన కుక్కని ఇంకెవరు తీసుకుంటారు? ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

ఫోన్ చెయ్యకుండా ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ "కెమెరా పెట్టి, మీరు వెళ్ళాక ఏం చేస్తోందో చూడండి" అంది. ఇది ముఖ్యమైన విషయం. ఒంటరితనం భరించలేని కుక్కలు సాధారణంగా మనం తలుపు వేసిన కొద్ది నిమిషాల్లోనే ఆందోళన పడడం మొదలుపెడతాయి. అది భయం. దానికి వైద్యం వేరు, ట్రిక్కులతో పోదు. మా జున్ను మాత్రం మేం వెళ్ళగానే హాయిగా రెండుగంటలు నిద్రపోయింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, గదంతా కలయజూసి, "ఇప్పుడేం చేద్దాం?" అన్నట్టు తలుపు కొరకడం మొదలుపెట్టింది. పోస్ట్‌మన్ అలికిడి వినబడితే అరుపులు. "దీనికి రోగం లేదు, పని లేదు" అని తేల్చేసింది డాక్టరు.

ఆలోచిస్తే నిజమే కదా! వేల ఏళ్ళుగా మనిషి కుక్కని పనికోసమే పెంచాడు. వేటకి, మందకి, కాపలాకి. హౌండ్ అంటే రోజంతా వాసన పట్టుకుని పరుగెత్తే జాతి. లాబ్రడార్ అంటే వేటగాడు కొట్టిన పక్షిని వెతికి నోట కరుచుకుని తెచ్చి ఇచ్చే జాతి. అలాంటి దాన్ని రెండు బెడ్‌రూముల ఇంట్లో పెట్టి, గిన్నెలో భోజనం పోసి, "ఏమీ చెయ్యకుండా బుద్ధిగా పడుకో" అంటున్నాం. బెంచి మీద కూర్చున్న కన్సల్టెంట్ పరిస్థితి ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు!

ఇక అసలు విషయానికొస్తే, నేర్పడం ఎలా?

మొదటి సూత్రం క్షణం. కుక్క సరైన పని చేసిన క్షణానికీ బహుమతి అందిన క్షణానికీ మధ్య ఆలస్యమైతే, దేనికిచ్చామో దానికి అర్థం కాదు. అది కూర్చుంది, మనం జేబులో వెతుక్కుని ముక్క తీసేసరికి లేచి నిలబడింది, అప్పుడిచ్చాం. నేర్చుకున్నది లేవడం! ఈ చిక్కుకి మందు, ఆ క్షణాన్ని గుర్తుపట్టే ఒక శబ్దం. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1951లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జంతువులకి ఎలా నేర్పాలో రాస్తూ, పిల్లలు ఆడుకునే టిక్కుటిక్కుమనే బొమ్మ చాలన్నాడు. డాల్ఫిన్లకి శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన 'డోంట్ షూట్ ద డాగ్' పుస్తకం తరవాత ఈ పద్ధతి సామాన్యుల ఇళ్ళదాకా వచ్చింది. ఇప్పుడు పెట్ షాపుల్లో క్లిక్కర్ అని అమ్మేది అదే. నేను కొన్నాను, రెండురోజుల్లో పోగొట్టాను. తరవాతనించి నోటితోనే "భేష్" అంటున్నాను. ఏ మాటైనా ఫరవాలేదు గానీ పొట్టిగా ఉండాలి, మామూలు కబుర్లలో దొర్లకూడదు, అన్న ప్రతిసారీ వెంటనే ముక్క పెట్టాలి. మొదట ఏ పనీ చెప్పకుండానే "భేష్" అని ముక్క, "భేష్" అని ముక్క, ఇలా పదిహేనుసార్లు చేస్తే ఆ మాట వినగానే తల తిప్పుతుంది. అంటే అర్థమైందన్నమాట.

పని చేయించడానికి దారులు మూడు. ఒకటి ఆశ చూపించడం. ముక్కని ముక్కు దగ్గర పట్టుకుని మెల్లిగా పైకి, వెనక్కి జరిపితే తల ఎత్తి తనంతట తనే కూలబడుతుంది. ఐదారుసార్లయ్యాక ఖాళీ చేత్తో అదే సంజ్ఞ చెయ్యాలి. లేకపోతే చేతిలో తిండి కనబడితేనే కూర్చునే కుక్క తయారవుతుంది. రెండోది, అది తనంతట తాను చేసే పనిని కనిపెట్టి పట్టుకోవడం. మూడోది ముక్కలుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకీ భేష్ చెప్పుకుంటూ పోవడం. దీనికి ఓపిక కావాలి గానీ కుక్క బుర్రకి నిజంగా పనిపెట్టేది ఇదే. "ఇప్పుడేం కావాలి వీళ్ళకి?" అని అది ఆలోచించడం కళ్ళారా చూడచ్చు.

దండం పెట్టడం మాకు రెండో దారిలో వచ్చింది. నిద్రలేచిన ప్రతి కుక్కా ముందుకాళ్ళు చాచి, వీపు వంచి, వెనకభాగం పైకెత్తి ఒళ్ళు విరుచుకుంటుంది. చూడ్డానికి అచ్చం సాష్టాంగానికి సిద్ధపడినట్టే. పొద్దున్న కాఫీ కప్పుతోపాటు నాలుగు ముక్కలు జేబులో వేసుకుని కాపు కాశాను. విరుచుకోగానే "భేష్". ఐదోరోజుకి నిద్ర లేకపోయినా నా ఎదురుగా వచ్చి వంగడం మొదలుపెట్టింది! అప్పుడు గానీ పేరు తగిలించకూడదు. పని ముందు, పేరు తరవాత. అది ఖాయంగా వంగబోతోందని తెలిసినప్పుడు "దండం" అని, రెండు చేతులూ జోడించి చూపించాను. 2022 వేసవిలో మా అమ్మానాన్నా వచ్చినప్పుడు ఈ విద్య చూసి నాన్న "ఒరేయ్, సంక్రాంతికి గంగిరెద్దు వాడొచ్చినట్టుంది, సన్నాయి ఒక్కటే తక్కువ" అన్నాడు. అప్పటిదాకా కుక్క వంటింటి గడప దాటకూడదన్న మా అమ్మ ఆ గడప కివతల నిలబడి తొంగిచూసింది. ఈ రోజుకీ గడప నియమం మాత్రం మారలేదు లెండి.

బొమ్మలు బుట్టలో సర్దడం మూడో దారి. ఇందులో కిటుకు, చివరినించి మొదలుపెట్టడం. బొమ్మ నోట్లో ఉండగా గడ్డం కిందే బుట్ట పట్టుకుని, వదలగానే భేష్. తరవాత బుట్ట పక్కన ఉన్న బొమ్మ. ఆ తరవాత అడుగు దూరం, గది అవతల. చివరి మెట్టు బాగా తెలుసు కాబట్టి ఎక్కడ మొదలెట్టినా తెలిసినవైపే నడుస్తుంది. మాకు మూడువారాలు పట్టింది. మా అమ్మాయికి తన బొమ్మలు సర్దుకోవడం నేర్పడానికి ఇంకా మెట్లు వెతుకుతూనే ఉన్నాను.

మాటల సంగతి. మొదట్లో నేను "సిట్" అనేవాణ్ణి, మా ఆవిడ "కూర్చో", అమ్మాయి "సిట్ డౌన్". నాన్న వచ్చాక "కూకోవే". పాపం జున్ను నలుగురి మొహాలూ చూసేది. ఒక పనికి ఒకే మాట అని రాసి ఫ్రిజ్ మీద అంటించాం. తెలుగు మాటలే పెట్టుకున్నాం గానీ, "కూర్చో", "పడుకో" రెండూ చివర "ఓ" అని ఒకేలా సాగేసరికి తడబడింది. పడుకోవడానికి "కింద" అని మార్చాక గొడవ తీరింది.

అసలు కుక్క మన మాట కన్నా ఒంటిని ఎక్కువ వింటుంది. ఒకప్పుడు బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద సంచలనం. గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1907లో ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దాని గుట్టు కనిపెట్టాడు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల, ఒళ్ళు తనకి తెలియకుండానే కాస్త కదిలేవి, గుర్రం ఆ కదలిక చూసి ఆపేది. మీ కుక్కతో ఈ పరీక్ష చెయ్యండి. చేతులు వెనక్కి కట్టుకుని, గోడవైపు చూస్తూ "కూర్చో" అనండి. మా జున్ను కూర్చోలేదు సరికదా, గోడమీద ఏముందా అని చూసింది. అందుకే ముందు చేతి సంజ్ఞ నేర్పి, ఆపైన మాట అనడం సులువు. మాట ముందు, క్షణం ఆగి సంజ్ఞ. కొన్నాళ్ళకి సంజ్ఞకోసం ఆగకుండా మాటకే చేసేస్తుంది.

అలాగని మాటలు రావని కాదు. సౌత్ కరొలైనాలో జాన్ పిల్లీ అనే రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్ తన బోర్డర్ కోలీ చేజర్‌కి మూడేళ్ళలో 1022 బొమ్మల పేర్లు నేర్పి, 2011లో ఆ పరిశోధన ప్రచురించాడు. రోజుకి నాలుగైదు గంటలు దానితోనే గడిపేవాడు. మాకు వచ్చినవి ఏడు బొమ్మలు, రోజుకి రెండు విడతలు, విడతకి ఐదు నిమిషాలు. అంతకన్నా ఎక్కువ సేపు చెయ్యద్దు. రాని పని దగ్గర విసుక్కుని ఆపకుండా, బాగా వచ్చినదొకటి చేయించి భేష్ అని ముగించాలి.

ఇంకో చిక్కు మన వృత్తివాళ్ళకి తెలిసిందే. "నా మెషీన్ మీద పనిచేస్తోందే!" హాల్లో బ్రహ్మాండంగా దండం పెట్టిన కుక్క పార్కులో మొహం తిప్పుకుంటుంది. పొగరు కాదు. కుక్కకి చోటు మారితే పాఠం కూడా మారినట్టే. బాల్కనీ, మెట్లు, పార్కింగ్ లాట్, ఒక్కో చోటా మళ్ళీ మొదటి మెట్టునించి రావాలి. రెండోసారి త్వరగా వస్తుంది.

తిండి దగ్గర జాగ్రత్త. ముక్క బఠాణీ గింజంత చాలు, రోజు మొత్తం తిండిలో ఇలాంటివి పదోవంతు మించకూడదు. నేను దాని మామూలు భోజనంలోనించే తీసి వాడతాను, కష్టమైన పాఠానికి మాత్రం ఉప్పులేకుండా ఉడికించిన చికెన్. మన ఇళ్ళలో ప్రత్యేకంగా చెప్పాల్సింది, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి విషం. అంటే సాంబారన్నం, కూర కలిపిన ముద్ద, కిస్‌మిస్ వేసిన పాయసం పనికిరావు. చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ముల్లో వేసే జైలిటాల్ సరేసరి. ఈ జాబితా నాన్నకి మూడుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది, "మా ఊళ్ళో కుక్కలన్నీ ఏం తిని బతికాయిరా?" అంటూనే ఉన్నాడు.

అలాగే ఒంటినిబట్టి పని. ఎముకలు ఎదిగే వయసు పిల్లలచేత ఎత్తు దూకించకూడదు. డాష్‌హుండ్‌లాంటి పొడుగు వీపు వాటిని రెండుకాళ్ళమీద కూర్చోబెట్టకూడదు. ముసలి కుక్కలకి దూకుళ్ళు వద్దు గానీ, మూడు కప్పులు బోర్లించి ఒకదానికింద ముక్క దాచి "వెతుకు" అంటే ఎంత వయసులోనైనా ముక్కుకి పండగే. కొట్టి నేర్పడం గురించి అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లోనే, ఏ కుక్కకైనా బహుమతి పద్ధతే వాడమని తేల్చిచెప్పింది.

మరి ఆ ఉత్తరం ఏమైంది? నిజం చెప్పాలి, ట్రిక్కులొక్కటే కాపాడలేదు. మధ్యాహ్నం వచ్చి తిప్పేందుకు కాలేజీ కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టుకున్నాం. పొద్దున్న భోజనం గిన్నెలో కాకుండా ఇల్లంతా దాచి వెళ్ళేవాళ్ళం. వీటన్నిటితో కలిసి పనిచేసింది. నాలుగోవారం కెమెరాలో చూస్తే, పోస్ట్‌మన్ అలికిడికి రెండు అరుపులు అరిచి, ఇంకా దొరకని గింజలకోసం సోఫా కిందకి పోయింది. ఉత్తరం మళ్ళీ రాలేదు. నాకు గుర్తున్నది అది కూడా కాదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బయట ఉడుత కనబడితే, ఎప్పటిలా గొలుసు లాక్కుని పరుగెత్తబోయి, సగంలో ఆగి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. మేం తెచ్చుకున్న నాలుగునెలల్లో అడగకుండా అది నావైపు చూడడం అదే మొదటిసారి. జేబులో ముక్క లేదు. మంచులో మోకాళ్ళమీద కూర్చుని భేష్, భేష్ అంటూ ఉండిపోయాను.

ఇప్పుడు తలుపు వెయ్యడం నేర్పుతున్నాను. ముక్కుతో అరచేతిని తాకడం వచ్చుగా, ఆ చేతిని తలుపుమీద పెడితే తలుపుని తోస్తుంది. లెక్కప్రకారం తేలిక. కాకపోతే ఫ్రిజ్ తలుపుతో మొదలుపెట్టడం పొరపాటైంది. వెయ్యడం ఇంకా రాలేదు గానీ, తియ్యడం తనంతట తనే నేర్చుకుంది.