ఆదాయం ఏటా మారితే పథకాల పైసలు వస్తాయా, ఆగుతాయా?
(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల లబ్ధిదారుల కోసం)

మన జిల్లాల్లో ఏ రెండేళ్లూ ఒక్క తీరుగా ఉండవు. ఒక ఏడు పత్తి, మిర్చికి మంచి ధర వస్తుంది, మరో ఏడు పెట్టుబడి కూడా రాదు. కూలి, తునికాకు పని కూడా అంతే. అందుకే "పోయిన సారి వచ్చింది, ఈ సారి ఎందుకు రాలేదు?" అని చాలా మంది అడుగుతుంటారు. అన్ని పథకాలకూ ఆదాయాన్ని ఒకే తీరుగా చూడరు. ఏ పథకానికి ఎప్పుడు, ఎవరి ఆదాయం చూస్తారో తెలుసుకోండి.

ఆదాయ పరిమితి ఎంత?

ఆహార భద్రత (రేషన్) కార్డుకు ఏడాదికి పల్లెల్లో 1,50,000 రూపాయలు, పట్టణాల్లో 2,00,000 రూపాయలు. భూమి అయితే తరి 3.5 ఎకరాలు, మెట్ట 7.5 ఎకరాలు దాటొద్దు.

బీసీ, ఈబీసీలకు కల్యాణలక్ష్మి, స్కాలర్‌షిప్‌లలో కూడా ఇదే ఆదాయ పరిమితి. ఎస్సీ, ఎస్టీలకు పల్లె అయినా పట్టణం అయినా 2,00,000. ఈ రెండింటికీ తల్లిదండ్రులిద్దరి ఆదాయం కలిపి చూస్తారు.

1,50,000 అంటే సగటున నెలకు 12,500. ఒక్క నెల ఎక్కువ వస్తే భయపడకండి. లెక్క మొత్తం ఏడాదిది.

ఒక ఉదాహరణ

మహబూబాబాద్ జిల్లా పల్లెలో ఒక బీసీ కుటుంబం అనుకుందాం.

మొదటి ఏడు: కూలి 90,000 + మిర్చి మీద మిగిలింది 40,000 = 1,30,000. అర్హత ఉంది.

రెండో ఏడు: కూలి 90,000 + మిర్చి 85,000 = 1,75,000. పరిమితి దాటింది.

మూడో ఏడు: కూలి 90,000 + మిర్చి 30,000 = 1,20,000. మళ్లీ అర్హత ఉంది.

ఇదే 1,75,000 ఆదాయం ఉన్న కుటుంబం మహబూబాబాద్ పట్టణంలో ఉంటే రెండో ఏడు కూడా అర్హులే. పల్లెలో ఉన్న ఎస్టీ కుటుంబమైనా కల్యాణలక్ష్మి, స్కాలర్‌షిప్‌లకు అర్హులే.

ఏ పథకానికి ఎప్పుడు చూస్తారు?

1. కల్యాణలక్ష్మి (1,00,116 రూపాయలు): ఒక్కసారి వచ్చే సాయం. ఆదాయ సర్టిఫికెట్ పెళ్లి తేదీకి 6 నెలల కన్నా పాతది కావొద్దు. రెండేళ్ల కిందటి సర్టిఫికెట్ ఇంట్లో ఉందని అదే పెట్టకండి.

2. స్కాలర్‌షిప్: ఈ-పాస్‌లో ఏటా దరఖాస్తు ఉంటుంది. ఒక ఏడు పరిమితి దాటిందని పిల్లల చదువు ఆపొద్దు. ఆదాయం తగ్గిన ఏడు కొత్త సర్టిఫికెట్ తీసుకుని దరఖాస్తు పెట్టండి.

3. ఆసరా పింఛన్: నెల నెలా వచ్చేది. ఇక్కడ పంట ధర కన్నా ఇంటి పరిస్థితి ముఖ్యం. తరి 3 ఎకరాలు, మెట్ట 7.5 ఎకరాలు దాటినా, పిల్లలకు ఉద్యోగం ఉన్నా (కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కూడా), నాలుగు చక్రాల బండి ఉన్నా, ఇంకో సర్కారు పింఛన్ వస్తున్నా అర్హత ఉండదు. భూపాలపల్లి గనుల్లో కొడుకుకు పని దొరికిందంటే అది కూడా లెక్కలోకి వస్తుంది.

సర్టిఫికెట్ ఎట్లా తీసుకోవాలి?

మీసేవలో ఆధార్, రేషన్ కార్డు ఇచ్చి దరఖాస్తు పెట్టండి. గిర్దావర్ విచారణ చేస్తారు, తహసీల్దార్ సర్టిఫికెట్ ఇస్తారు. విచారణకు వచ్చినప్పుడు పంట అమ్మిన తక్‌పట్టీలు, ఎరువులు, విత్తనాల బిల్లులు చూపించండి. పంట నష్టపోతే ఆ మాట కూడా చెప్పండి.

ఆదాయం తక్కువ చేసి రాయించొద్దు. తర్వాత బయటపడితే తీసుకున్న పైసలు తిరిగి కట్టాల్సి వస్తుంది, కేసు కూడా కావచ్చు.

దరఖాస్తు తిరస్కరిస్తే?

కారణం ఏమిటో అడిగి తెలుసుకోండి. ఆదాయం తప్పుగా పడిందనిపిస్తే ఆధారాలతో తహసీల్దార్‌ను కలవండి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక ఏడు రాలేదంటే ఎప్పటికీ రాదని కాదు.