ఇంటి స్టూడియోకు తగిన హెడ్‌ఫోన్లు

భోగాపురములో ఒక ఇంటి గదిలో జముకుల కథను ముద్రించుచున్నారనుకొనుడు. ముందుగా ముద్రించిన జముకు నాదమును హెడ్‌ఫోన్లలో వినుచు గాయకుడు పాడును. కాని తిరిగి విన్నప్పుడు గొంతు వెనుక అదే నాదము సన్నగా మరల వినబడును. కారణమేమి?

హెడ్‌ఫోనులో అయస్కాంతము నడుమ ఒక తీగచుట్ట, దాని కంటుకొని పలుచని పొర యుండును. విద్యుత్తు మారినకొలది చుట్ట కదలి పొరను కంపింపజేయును. ఆ పొర ముందుకేగాక వెనుకకును ధ్వనిని పంపును. వెనుక తెరచియున్న రకములో ఆ ధ్వని బయటికి వచ్చి మైకులో చేరును. గొంతుతో కలిసిన పిదప దానిని పూర్తిగా విడదీయుట కష్టము. కావున పాడునపుడు వెనుక మూసియున్న రకమే తగినది. జాతీయ రహదారి లారీల రొదను అది చెవికి కొంత తగ్గించును. మైకునకు మాత్రము తగ్గింపజాలదు. అందుకు కిటికీలు మూయవలసినదే.

ముద్రణ ముగిసి, ధ్వనుల హెచ్చుతగ్గులు సరిచూచునపుడు తెరచిన రకము మేలు. మూసిన గిన్నెలో ప్రతిఫలించిన ధ్వని మంద్రస్థాయిని మార్చవచ్చును. ఒక్కటే కొనగలవారు మూసిన రకమునే కొనుట మంచిది.

అవరోధమును కూడ చూడవలెను. ఒకే వోల్టేజివద్ద 250 ఓముల హెడ్‌ఫోను, 32 ఓముల దానిలో సుమారు ఎనిమిదవ వంతు శక్తినే గ్రహించును. సెల్‌ఫోనుతో అది మెల్లగా పలుకుట ఇందువలననే.

అన్నిటికన్న ముఖ్యము చెవి. వారమునకు 40 గంటలు వినువారికి 80 డెసిబెల్లు హద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. హెడ్‌ఫోను చెడిన మరియొకటి కొనవచ్చును. లోచెవిలో నశించిన రోమకణములు మనుష్యులకు తిరిగి మొలవవు.