కేకలేని మునుగుట

మునిగిపోవు బిడ్డ కేకలు వేయునని తల్లిదండ్రులు తలంతురు. మేమును చాలకాల మట్లే తలంచితిమి. న్యూయార్కులోని ఆర్చర్డు బీచిలో లైఫుగార్డుగా నుండిన ఫ్రాంకు పియా, మునుగువారిని ఫిలిము తీసి పరిశీలించి, అట్లు కాదని 1974లో వ్రాసెను. నోరు నీటిపైకి వచ్చిన క్షణము ఊపిరికే చాలదు. ఇక కేక యెక్కడిది? చేతులు సైగ చేయజాలవు, నీటిని క్రిందికి నొక్కుచుండును. ఈ పెనుగులాట 20 మొదలు 60 సెకనులు మాత్రమే. చూచువారి కది ఆటవలె నుండును.

కుటుంబములు సెలవులకు పోవు రిసార్టు కొలనులలోను ఇంతియే. అచ్చటి లైఫుగార్డు పదుగురను కనిపెట్టవలెను. నీటిమీది యెండతళుకు అతని కన్నులను మోసగించును. తల్లి తన బిడ్డను మాత్రమే చూచును. కావున ఈతరాని బిడ్డకు చేయి చాచిన నందునంత దూరమున పెద్దవారొకరు నీటిలోనే యుండవలెను. ఒడ్డున పత్రిక చదువుట కాపుదల కాదు. లైఫుగార్డుతో ముచ్చటలాడు తండ్రులును కలరు. ఆ కొంతసేపు కొలనును చూచువాడు లేడు.