వీసా ఇంటర్వ్యూ ముగిసిన పిదప

గుండుగొలను కడ రహదారి రెండుగా చీలును. ఒక పాయ భీమడోలు మీదుగా తాడేపల్లిగూడెము వైపునకు, రెండవది దేవరపల్లి మీదుగా కొవ్వూరునకు పోవును. హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూ ముగించుకొని ఈ కూడలిలో దిగువారిలో కొందరిచేత ఒక కాగితముండును. దానిపై ‘221 (జి)’ అని యుండును. ఇంటికడ పెద్దలు అడుగునది ఒకే మాట: “ఇచ్చారా, ఇవ్వలేదా?” న్యాయమైన ప్రశ్నయే, కాని ఆ కాగితము రెండింటిలో దేనికిని తిన్నగా లొంగదు.

అమెరికా 1952లో చేసికొనిన వలస, జాతీయతల చట్టమున 221వ సెక్షనునందు (జి) అను ఉపభాగము కలదు. దరఖాస్తు చట్టమునకు సరిపడియున్నట్లు అధికారికి కనబడనిచో వీసా ఈయరాదని దాని తాత్పర్యము. కావున చట్టము దృష్టిలో అది తిరస్కారమే. అయినను గడియ వేసిన తలుపు కాదు. లోపము తీరినచో అదే దరఖాస్తుపై వీసా ఈయవచ్చును. ఇటీవలి సంవత్సరములలో వారి కంప్యూటరు జాబితాయందు ఇట్టి దరఖాస్తుల కెదుట ‘రిఫ్యూజ్డ్’ అనియే కనబడుచున్నది. అది చూచి ఇంటిల్లిపాదియు అన్నము మానిన సందర్భములు గలవు. ఆ పదము తుది తీర్పు కానక్కరలేదు. కాగితము రంగునుబట్టి ఫలమును చెప్పు శాస్త్రమొకటి మనవారిలో పుట్టినది. దానిని నమ్మి లాభము లేదు. చదువవలసినది రంగును కాదు, అందు వ్రాసినదానిని.

వ్రాసినది సామాన్యముగా రెండు తెరగులు. మొదటిది, దరఖాస్తుదారుడు తేవలసిన పత్రములు: యజమాని ఉత్తరము, జీతపు రసీదులు, పని చేయబోవు చోటి ఒప్పందము. వీనికి గడువు ఒక సంవత్సరము. రెండవది, అతని చేతిలో లేని విచారణ. దీనినే ‘అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్’ అందురు. కొందరికి 2017లో వచ్చిన అదనపు ప్రశ్నావళి నిత్తురు. అందు గడచిన 15 ఏండ్ల ప్రయాణములు, నివాసములు, ఉద్యోగములు వ్రాయవలెను.

ఉద్యోగమునకు అనుమతి వచ్చినది గదా, మరల విచారణ యేల యని తండ్రులు అడుగుదురు. 1990 నాటి చట్టముతో ఏర్పడిన హెచ్-1బి పద్ధతిలో ఏటేట 65,000 మందికి, అమెరికాలోనే పై పట్టము పొందిన మరి 20,000 మందికి అవకాశము. అనుమతి కోరువాడు యజమాని. దానిని మంజూరు చేయునది వలస శాఖ. వీసా నిచ్చునది విదేశాంగ శాఖ. మొదటివారు ప్రధానముగా ఉద్యోగమును చూతురు, రెండవవారు మనిషిని చూతురు. మంజూరైన పత్రము నిజమైనదేనా యని సరిచూచు వ్యవస్థ కెంటకీ రాష్ట్రములోని ఒక కేంద్రము ద్వారా నడచును. హైదరాబాదులోని అధికారి ఒక్కడే సంతకముతో ముగించు పని కాదిది.

మొదటిసారి పోవువానికంటె, అక్కడ ఏండ్లుగా కాపురముండి వచ్చినవానికే ఈ నిరీక్షణము కష్టతరము. చెల్లెలి పెండ్లికని మూడు వారాల సెలవుపై వచ్చిన యువకుని తలచుకొనుడు. అక్కడ నివసించుటకు అనుమతి యున్నది. తిరిగి ప్రవేశించుటకు కావలసిన వీసా గడువు తీరినది. పెండ్లి ముగిసినది, పందిరి విప్పినారు, అతడు కదలలేడు. అక్కడి ఇంటి అద్దె ఆగదు, కారు బాకీ ఆగదు. ఇక్కడినుండి పని చేయుటకు యజమాని ఒప్పుకొనినచో సరి, లేనిచో జీతము నిలుచును. ఉద్యోగమే పోయినచో వీసాకు ఆధారమైన అనుమతియే కూలును. అతని తండ్రికి కొల్లేటి చెంత చేపల చెరువున్నదనుకొందము. పిల్లలు వదలిన నాటినుండి పట్టుబడి వరకు నెలల తరబడి వేచియుండుట ఆయనకు క్రొత్త కాదు. కాని చెరువు గట్టునకు పోయి నీటిని చూడవచ్చును, వల వేసి బరువు చూడవచ్చును. ఇక్కడ చూచుటకేమియు లేదు.

ఆ కాలమంతయు లోతైన పరిశీలనయే జరుగునని అనుకొనరాదు. సున్నితమైన శాస్త్రరంగములవారిపై జరుపు విచారణలను అమెరికా ప్రభుత్వపు గణన సంస్థయే పరిశీలించినది. 2003 ఏప్రిల్ - జూన్ నెలలలో శాస్త్ర విద్యార్థులకును పండితులకును సగటున 67 దినములు పట్టినట్లు 2004లో తెలిపినది. 2004 నవంబరు నాటికి అది సుమారు 15 దినములకు దిగినది. మనుష్యులు మారలేదు; సిబ్బంది పెరిగినది, సూచనలు స్పష్టమైనవి. జాప్యము ననుభవించువానిలో దోషమున్నదని ఊరివారు గుసగుసలాడుట ఎంత అన్యాయమో దీనివలన తెలియును.

2008కి పూర్వము మనవారు ఇందులకై మద్రాసు రైలెక్కెడివారు. ఆ ఏట హైదరాబాదున కాన్సులేటు వచ్చినది. 2023 నుండి నానక్‌రామ్‌గూడలో నున్నది. దూరము తగ్గినది గాని నిరీక్షణము తగ్గలేదు. 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బి వారి సామాజిక మాధ్యమముల వ్రాతలనుగూడ పరిశీలింప మొదలిడిరి. అందుచే ఆ నెల ఇంటర్వ్యూలు అనేకము మరుసటి ఏటికి జరుపబడినవి.

చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణములు మ్రొక్కుకొందురు. మనవారికి ద్వారకా తిరుమల మరింత చేరువ. దానికి నేనడ్డు చెప్పను. కాని “లోపల నాకు తెలిసినవారున్నారు” అని సొమ్మడుగు దళారికి మాత్రము గడప దాటనీయరాదు. అడిగిన పత్రములను అడిగినట్లే ఇచ్చి, ఇచ్చిన తేదీని వ్రాసియుంచుకొనవలెను. యజమానికి జాప్యమును మొదటి దినముననే తెలుపవలెను. పాస్‌పోర్టు చేతికి రాకముందు టిక్కెట్టు కొనరాదు.

తుదకు వీసా వచ్చినను ఒక జాగ్రత్త మిగిలియుండును. మరియొకమారు దరఖాస్తు చేయునపుడు, ఎన్నడైన వీసా నిరాకరింపబడినదా యను ప్రశ్న యుండును. 221 (జి) కాగితము పొందినవారు ‘అవును’ అని వ్రాసి, పిదప అదే దరఖాస్తుపై వీసా లభించినదని తేదీతో తెలుపవలెను. అందులకై ఆ కాగితపు నకలును పాత పాస్‌పోర్టుతో కూడ పెట్టెలో దాచుకొనుట మంచిది.